అరకిలో తక్కువ

నవంబరు 4, సోమవారం

బట్టలు పదకొండు, దుప్పట్లు రెండు. గిన్నెలు రెండు వాయిలు. నీళ్లు ఎనిమిది బిందెలు. పెరడు ఊడ్చాను. కాటా పళ్లాలు బూడిదతో తోమాను. ముందుగది ఫినాయిలు వేసి రెండుసార్లు కడిగాను. రేపు మళ్లీ కడగాలి, ఎల్లుండి మళ్లీ.

కారణం బడి పెద్ద పంతులమ్మ. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉంది, రాయను. తీగల కంచె అవతల పాత యుద్ధం నాటి మందుపాతరలు ఇంకా ఉన్నాయని పిల్లలకు చెప్పడానికి ఒకమ్మాయి వచ్చిందట. కూడా వాసన పట్టే కుక్క. బడిలో దిగడానికి చోటు లేదట, మా ముందుగది ఖాళీగా ఉందట, పన్నెండు రోజులేనట. ఆవిడ ఇదంతా చెబుతున్నంతసేపూ ఆ కుక్క మా గడప మీద నాలుక వేలాడేసుకుని నిలబడింది. నాలుక చివర నుంచి తీగలా చొంగ. అది ఎప్పుడు తెగి గడప మీద పడుతుందా అని చూస్తూ సరే అనేశాను. అన్నాక తెగింది.

దానికి ఒక పేరుంది. నేను రాయను. కుక్కకు మనిషి పేరేమిటి. ఆ పిల్ల దాని మూతి చేత్తో పట్టుకుని ముద్దు పెట్టి, అదే చేత్తో నా చేతిలోంచి టీ గ్లాసు అందుకుంది. ఆ గ్లాసు వేరే పెట్టాను.

నెల మొదటి సోమవారం కాబట్టి పిల్లల ఖాతాలో పాత బాకీలు కొత్త పేజీకి ఎక్కించాను. పాత ఇనుము కొట్టు ఆయనది, పుస్తకాల పద్ధతి నాది. పిల్లలు తెచ్చే తుక్కు కిలోకి ఒక నోటు పుస్తకం. డబ్బులిస్తే మిఠాయి తింటారు, పుస్తకమైతే చదువుకు పనికొస్తుంది. కిలోకి తక్కువైతే ఇవ్వను. లెక్క లెక్కే. మూడేళ్లయింది, ఒక్క పిల్ల తల్లీ వచ్చి అన్యాయం అనలేదు.

రెండు జడల పిల్ల: శనివారం తెచ్చింది, గుండ్రటిది ఒకటి. కిలో మీద రెండు వందల గ్రాములు. పైన ఇనప మూత, కింద రబ్బరో ప్లాస్టిక్కో. ఆయన వచ్చి ఇనుమే అంటే ఒక పుస్తకం. పెరటి కొట్టుగదిలో మూలన గోనె కింద పెట్టించాను.

దర్జీ కూతురు: జూలైలో తెచ్చింది అరకిలో. కిలోకి అరకిలో తక్కువ. మిగతాది తెచ్చి పుస్తకం పట్టుకెళ్తానంది. ఇంకా తేలేదు. పేజీ మీద పేజీ ఎక్కిస్తూనే ఉన్నాను. పిల్లలకు మాట మీద నిలకడ ఉండదు.

నవంబరు 5, మంగళవారం

బట్టలు తొమ్మిది. నీళ్లు పది బిందెలు, రెండు కుక్కకే. జాకెట్లు రెండు రైలు గేటు అవతల దర్జీకి ఇచ్చి వచ్చాను. రానూపోనూ గంటన్నర. మన వీధి దర్జీ కుట్టు ఈమధ్య బాగుండడం లేదు.

పొద్దున బిందె అంచున వెంట్రుక. మధ్యాహ్నం నా కొంగుకు మూడు. కుక్కలమ్మాయి పొద్దున్నే బడికి పోయింది, పంతులమ్మలకు ముందుగా ఏదో నేర్పాలట. కుక్కను పెరట్లో జామచెట్టుకు పొడుగు తాడుతో కట్టేసి పోయింది. పాపం ఊరికే ఉంటుంది పిన్నిగారూ, మీకేం పని పెట్టదు అని చెప్పింది.

ఊరికే ఉండడం అంటే ఇది: తాడు ఉన్నంత మేరా నేల వాసన చూసుకుంటూ తిరిగి, కొట్టుగది తలుపు ముందుకు పోయి, కూర్చుంది. కదలదు. మొరగదు. చీపురు చూపించాను. నా మొహం వంకే చూస్తోంది, నేనేదో దానికి బాకీ ఉన్నట్టు. నిన్నటి రొట్టె ముక్క విసిరాను. తినలేదు. ఒళ్లు మండి చీపురుతో ఒకటి వేశాను. లేచి ఇంకోసారి తిరిగి వచ్చి, మళ్లీ అక్కడే కూర్చుంది.

మొండి జంతువు. దాని కింద నేల తడిగా ఉంది, చొంగతో. రెండు బక్కెట్లు కుమ్మరించాను.

నవంబరు 6, బుధవారం

బట్టలు ఏడు. కందెన పట్టిన సంచులు నాలుగు, సోడా వేసి ఉడికించాను.

మళ్లీ కొట్టుగది ముందే. తాడు రెండు మూరలు కురచ చేసి కట్టాను. ఇప్పుడు తలుపు దాకా అందదు. అందకపోయినా తాడు బిగిసే చోటుకు పోయి, తలుపుకేసి తిరిగి కూర్చుంది. మెడకు పట్టీ ఒరుసుకుంటోంది. ఒరుసుకోనీ.

సాయంత్రం కుక్కలమ్మాయి అడిగింది, నేను లేనప్పుడు ఏం చేస్తోంది పిన్నిగారూ అని. ఏం చేస్తుంది, కూర్చుంటుంది, అన్నాను. ఆ పిల్ల జోళ్లు విప్పుకుంటూ, అలిసిపోయి ఉందేమో, నవ్వేసి, బుద్ధిమంతురాలు అంది. తర్వాత దాని చెవులు ఎత్తి లోపల గుడ్డతో తుడిచింది. గుడ్డ మీద వచ్చినదాన్ని వెలుతురులో పట్టి చూసుకుంది. నేను రాత్రి భోజనం చేయలేదు.

నవంబరు 7, గురువారం

ఆయన పట్నం ఫౌండ్రీ నుంచి వచ్చారు. స్నానం, భోజనం, నిద్ర. గుండ్రటిది చూడలేదు.

నవంబరు 8, శుక్రవారం

బట్టలు లేవు. వంట ఒక పూటే. మిగతా పూట బడిలో పోయింది.

మన ఇంట్లో దిగిన మనిషి పాఠం, మనం వెళ్లకపోతే బాగుండదని పెద్ద పంతులమ్మ కబురంపింది. మూడు తరగతుల పిల్లలను ఒక గదిలో కుక్కారు. చెమట, చీముడు, తడిసిన మేజోళ్ల వాసన, దాని మీద కుక్క వాసన. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక బల్ల చివర కూర్చున్నాను. బల్లకు నలుగురు చొప్పున పిల్లలు. మూడో బల్లకు ముగ్గురే. లెక్క కుదరక రెండుసార్లు లెక్కపెట్టాను.

ముందు పాట. ముట్టుకోను, తొక్కను, రాయి వెయ్యను, పెద్దలకు చెప్తాను. చప్పట్లు కొడుతూ నాలుగుసార్లు పాడించారు. కాళ్లు తెగిపోయే సంగతికి చప్పట్లేమిటో. పెద్ద పంతులమ్మ అందరికంటే గట్టిగా కొట్టింది, గాజులు మోగేలా. చివర చాక్లెట్లు పంచారు. చాక్లెట్టు తింటున్న పిల్లల నోళ్ల మధ్య ఒక పటం పెట్టి, ఇది చెయ్యి, ఇది చెయ్యి ఉండాల్సిన చోటు అని చూపించింది ఆ అమ్మాయి. పిల్లలు నమలడం ఆపలేదు.

తర్వాత కుక్క. గదిలో ఐదు డబ్బాలు వరసగా పెట్టారు. ఒకదాంట్లో మందు వాసన పట్టించిన గుడ్డ ముక్క ఉందట. కుక్క ఒక్కో డబ్బాకూ మూతి ఆనించి పోయింది. నాలుగోదాని దగ్గర ఆగింది. మొరగలేదు, గోకలేదు. కూర్చుంది. కూర్చుని ఆ అమ్మాయి మొహం వంక చూసింది.

"దీనికి మాటలు రావు. కూర్చోవడమే దీని మాట," అంది కుక్కలమ్మాయి. "ఇది ఇలా కూర్చుని నా వంక చూసిందంటే, ఇక్కడుంది అని చెప్పినట్టు. అప్పుడు మనమెవ్వరం కదలకూడదు. సరిగ్గా చెప్పినందుకు బంతి ఇస్తాను. దానికి జీతం అదే."

ఎర్ర రబ్బరు బంతి. పళ్ల గాట్లతో, జిగటగా. జేబులోంచి తీసి ఇచ్చింది. అదే జేబులోంచి ఇంతకుముందు చాక్లెట్లు తీసింది.

నేను ఎందుకో లేచి నిలబడ్డాను. మళ్లీ కూర్చున్నాను.

తర్వాత బొమ్మల అట్టలు చూపించారు. పొడుగుది, కర్రలాంటిది, సీతాకోకచిలుకలాంటిది. నాలుగోది గుండ్రంగా ఉంది. పైన మూత, కింద నల్లటిది. వెనక బల్ల నుంచి నాకు దూరం చూపు సరిగా ఆనదు.

ఇలాంటివి ఎవరైనా చూసి ఉంటే చేతులెత్తండి అంది. ఒక్క చెయ్యీ లేవలేదు. గదిలో సగం మంది ఒకసారి వెనక్కి తిరిగి నన్ను చూసి, మళ్లీ ముందుకు తిరిగారు. రెండు జడల పిల్ల మాత్రం కాస్త ఎక్కువసేపు చూసింది. నవ్వింది కూడా, బజార్లో తెలిసినవాళ్లు కనబడితే నవ్వినట్టు. పళ్ల మీద చాక్లెట్టు.

ఇంటికి వచ్చి చేతులు కడుక్కున్నాను. సబ్బు ఈ వారం ఎక్కువ అవుతోంది.

నవంబరు 9, శనివారం

బట్టలు పధ్నాలుగు. గిన్నెలు మూడు వాయిలు. గూళ్లన్నీ దులిపాను. కిటికీ ఊచలు తుడిచాను. కొట్టుగది దులపలేదు.

కళ్లద్దాలు మార్చుకోవాలి.

కుక్క కూర్చుంది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం రెండుసార్లు.

నవంబరు 10, ఆదివారం

బట్టలు ఆరు. నీళ్లు తొమ్మిది బిందెలు.

ఆయనకు చెప్పాను. భోజనమయ్యాక, కుక్కలమ్మాయి కుక్కను నడిపించడానికి పోయినప్పుడు. అగ్గిపుల్లతో పళ్లు కుట్టుకుంటూ విన్నారు. కొట్టుగదిలోకి వెళ్లి, గోనె ఎత్తి, చూసి, గోనె మళ్లీ కప్పి వచ్చారు. వచ్చేటప్పుడు మెల్లగా నడిచారు. ఆ మనిషి అంత మెల్లగా నడవడం ఇరవై ఆరేళ్లలో నేను చూడలేదు. మా పెళ్లిలో కూడా.

కూర్చుని మళ్లీ అగ్గిపుల్ల తీశారు. ఆ బొమ్మ చూశావా నువ్వు, దూరం చూపు ఆనదు కదా నీకు, అన్నారు. ఆనింది అన్నాను. ఆ అమ్మాయికి చెప్పేద్దామా అన్నాను. చెబితే ఏమవుతుందో వేళ్లు మడిచి చెప్పారు. కొట్టుకు తాళం వేస్తారు. మూడేళ్ల సరుకు తవ్వుతారు. ఫౌండ్రీ వాడు బేరం మానేస్తాడు. పిల్లలకు పుస్తకాలు ఆశపెట్టి కంచె దాటించింది ఎవరని అడుగుతారు.

"నేను దాటించానా?" అన్నారు. "నేను ఊళ్లోనే ఉండను. పుస్తకాల కట్ట నీ బీరువాలో ఉంది. ఖాతా నీ చేతిరాతలో ఉంది."

మరి ఏం చేద్దామండీ అన్నాను.

"ఎవరు తెచ్చారో వాళ్ల చేతే తీయించెయ్. పైన ఇంకో రెండు పుస్తకాలు పారెయ్. ఎక్కణ్ణుంచి తెచ్చిందో అక్కడే పెట్టి వస్తుంది. దానికి దారి తెలుసు. ఆ కుక్కల పిల్ల బడికి పోయాక, రేపు పదకొండు గంటలకు."

మీరే బండిలో తీసుకెళ్లి కంచె దగ్గర పెట్టి రావచ్చు కదా అన్నాను. అగ్గిపుల్ల ఆపి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

"నాకేమైనా అయితే?" అన్నారు.

పుల్ల చివర తెల్లగా ఏదో ఉంది. దాన్ని చూసుకుని, నాలుకతో తీసి, పుల్లను మళ్లీ పెట్టెలోనే పెట్టారు. పొయ్యి వెలిగించే పెట్టె. నాకు అసహ్యం వేసింది. పుల్ల మీదే అనుకుంటాను.

నోటు పుస్తకాలు మూడు బీరువాలోంచి తీసి కిటికీలో పెట్టాను. రూళ్లవి.

నవంబరు 11, సోమవారం

బట్టలు పదిహేడు. అందుకే పదకొండు గంటలకు వీలు కాలేదు. నాలుగున్నరకు, బడి వదిలాక రమ్మని రెండు జడల పిల్లకు కబురంపాను. నాలుగున్నరకు కుక్కలమ్మాయి కూడా ఇంట్లోనే ఉంటుందని అప్పుడు గుర్తు లేదు.

పొద్దున జామచెట్టు తాడు విప్పి రెండు మూరలు మళ్లీ పొడుగు చేశాను. కుక్క మెడ దగ్గర చర్మం ఎర్రగా కంది ఉంది. ముట్టుకోవాల్సి వచ్చింది. వేడిగా ఉంది, జిడ్డుగా. చెయ్యి నాకింది. కడుక్కున్నాను.

ఆ పిల్ల చెప్పిన టైముకి వచ్చింది. సంచీ భుజానే ఉంది. ఒక జడ ఊడిపోయింది. కుక్కలమ్మాయి ముందుగదిలో కాయితాలు రాసుకుంటోంది, తలుపు తెరిచే ఉంది. కుక్క కొట్టుగది ముందు కూర్చుని ఉంది. ఆయన కొట్టులో ఉన్నారు, ఇంటికి రాలేదు, రారు కూడా.

పుస్తకాలు చేతికిచ్చాను. లెక్కపెట్టుకుంది.

"మూడా అత్తా? ఒకటే కదా."

అవతలి శనివారం తెచ్చిందాన్ని తీసుకెళ్లి దొరికిన చోటే పెట్టి రావాలి, అందుకని రెండు ఎక్కువ, అన్నాను. ఈ మాట నా నోట్లోంచే వచ్చింది. రాసుకోవాలి కాబట్టి రాస్తున్నాను. గొంతు కూడా మామూలుగానే ఉంది, రెండు బిందెలు నీళ్లు పట్టుకురా అన్నప్పటిలా.

తలుపు తాళం నేనే తీశాను. ఆ పిల్ల కుక్కను పక్కకు పొమ్మని నవ్వుతూ తోసింది. అది జరగలేదు. అప్పుడు ఆ పిల్ల నా వైపు తిరిగింది.

"అత్తా, అది పాఠంలో ఉందే అత్తా. నాలుగో బొమ్మ. నేను అప్పుడే చెబుదామనుకున్నా. మళ్లీ పెద్దలకు చెప్తాను అని ఉంది కదా పాటలో, నేను మీకు ముందే ఇచ్చేశాగా, చెప్పినట్టే కదా అని ఊరుకున్నా. మీకు చెప్పేశాక ఇంక ఏం కాదు కదా?"

గడప మీద ఒక కాలు పెట్టింది. తెల్ల మేజోడు, మడమ దగ్గర చిరిగింది.

నేను దాని జడ పట్టుకున్నాను. ఊడని జడ. గట్టిగానే పట్టుకున్నాను, కుయ్యిమంది.

"అమ్మాయ్," అన్నాను ముందుగదికేసి. "ఇటు రా. నీ కుక్క కూర్చుంది."

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది. పరుగెత్తలేదు ఆ అమ్మాయి. వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగి, కుక్కనీ తలుపునీ చూసింది. మొహంలో నెత్తురు లేదు.

"పిన్నిగారూ, పాపను వదలొద్దు. ఇద్దరూ వచ్చిన అడుగుల్లోనే నా దగ్గరికి రండి," అంది. మేము వచ్చాక అడిగింది, "ఎప్పట్నుంచి కూర్చుంటోంది?"

మంగళవారం నుంచి, అన్నాను. ఏడు రోజులు.

ఆ అమ్మాయి నన్నేమీ అనలేదు. మీరు చెప్పారు, నేను వినలేదు, అంది. కుక్కను దాని పేరుతో పిలిచి, జేబులోంచి బంతి తీసి ఇచ్చింది. బంతి నోట్లో పెట్టుకుని తోక ఊపుతూ వచ్చి నా కాళ్లకు రాసుకుంది. చీపురుతో కొట్టింది నేనే అని దానికి గుర్తుందో లేదో. కుక్కకు సిగ్గుండదంటారు.

నవంబరు 12, మంగళవారం

చేసిన పనులు: ఏమీ లేవు. ఇంట్లోకి పోనిస్తేగా చెయ్యడానికి.

నిన్న సాయంత్రం నుంచి వీధి మొత్తం రోడ్డు చివర నిలబెట్టారు. మందపాటి కవచాలు తొడుక్కున్న వాళ్లు నలుగురు పట్నం నుంచి వచ్చారు. దాన్ని కదిలించడం కుదరదట, లోపల మీట తుప్పు పట్టి సగానికి దిగి ఉందట. ఉన్నచోటే పేల్చాలి అన్నారు. పొద్దున తొమ్మిదికి పేల్చారు. ఇసక బస్తాలు పేర్చినా కొట్టుగది పైకప్పు లేచి జామచెట్టు మీద పడింది. వంటింటి గోడ నెర్రెలిచ్చింది.

ఎక్కడో టైరు పేలినట్టుంది చప్పుడు. జూలైలో విన్నదీ అంతే.

జనం నా చుట్టూ కాస్త జాగా వదిలి నిలబడ్డారు, వాసన వచ్చేదాని చుట్టూ వదిలినట్టు. రెండు జడల పిల్ల తల్లి నా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాను. మూడు పుస్తకాలు నా ఒళ్లో పెట్టి వెళ్లిపోయింది.

నవంబరు 13, బుధవారం

ఆయన్ని ఆఫీసుకు పిలిచి రెండు పూటలు కూర్చోబెట్టి పంపారు. కొట్టుకు సీలు వేశారు. ఇంటికి వచ్చి, నోటి దగ్గరి కూడు కాలితో తన్నావు అన్నారు. తర్వాత అది వడ్డించమన్నారు. వడ్డించాను. పెరుగు కలుపుకున్న వేళ్లు ఒక్కొక్కటే నాక్కున్నారు, ఐదూ. లెక్కపెట్టాను.

పక్క వేరే గదిలో వేసుకున్నాను. ముందుగదిలో, కుక్క పక్కన. వాసన వస్తుంది. ఇంతకంటే ఎక్కువ వాసన భరించాను.

నవంబరు 14, గురువారం

బట్టలు ఐదు. వంటింట్లో సున్నం పెచ్చులు రెండు తట్టలు ఎత్తాను.

కుక్కలమ్మాయి అడిగింది, పిల్లలు ఎక్కడెక్కడ నుంచి తెచ్చేవారో మీకేమైనా గుర్తుందా పిన్నిగారూ అని. గుర్తుంచుకునే అవసరమేముంది. ఖాతా తీసుకొచ్చి ముందు పెట్టాను. తేదీ, పిల్ల, బరువు, దొరికిన చోటు, ఇచ్చినది. ఐదు గడులు. దొరికిన చోటు గడి నేనే పెట్టాను, మంచి ఇనుము ఎక్కడ పడుతుందో తెలిస్తే పిల్లల్ని అటే పంపవచ్చని. మూడేళ్లు, అరవై ఒక్కమంది పిల్లలు. పాత కాపలా గుడిసె వెనక. కాలవ గట్టు, రెండో తూము. ఇటుకల బట్టీ గుంత. కంచె కింద, ఎర్ర గుడ్డ కట్టిన కర్ర దగ్గర.

ఎర్ర గుడ్డ కట్టిన కర్ర అంటే అటు వెళ్లొద్దని గుర్తట. నేను ఆనవాలుగా రాసుకున్నాను.

ఆ అమ్మాయి పటం పరిచి, నేను చదువుతుంటే ఎర్ర పెన్సిలుతో చుక్కలు పెట్టింది. సాయంత్రానికి పటం తట్టు పోసినట్టయింది. ఇన్నాళ్లూ ఊళ్లో ఎవరిని అడిగినా నోరు విప్పలేదట. "ఇంత శుభ్రంగా రాసిన లెక్క మా ఆఫీసులో కూడా లేదు," అంది. మెచ్చుకోలుగానే అంది, పాపం.

పెరట్లోకి పోయి వాంతి చేసుకున్నాను. కుక్క వచ్చి వాసన చూసింది. తోలాను. కూర్చోలేదు.

తిరిగి వచ్చేసరికి జూలై పేజీ తెరిచి ఉంది. దర్జీ కూతురు, జూలై 19, అరకిలో, ఎర్ర గుడ్డ కర్ర దగ్గర, ఇచ్చినది గడి ఖాళీ. ఇది ఎందుకు ఖాళీ అని అడిగింది. కిలో నిండలేదు, మిగతా అరకిలో తెస్తే ఇస్తానన్నాను, అని చెప్పాను.

తెచ్చిందా అని అడిగింది.

జూలై 20 పొద్దున నేను గంజి వారుస్తున్నాను. ఎక్కడో టైరు పేలింది. కాసేపటికి వీధిలో అరుపులు. దర్జీ మెషీను మీది నుంచి లేచి కుడుతున్న చొక్కా చేత్తో అలాగే పట్టుకుని పరుగెత్తడం మా కిటికీలోంచి చూశాను. గంజి కాలి మీద పడింది. బొబ్బ ఎక్కింది. ఆ రోజు డైరీలో బొబ్బ గురించి రాశాను, వెన్న రాశానని రాశాను. ఇప్పుడే తిరగేసి చూశాను. వేరే ఏమీ లేదు.

తేలేదు, అన్నాను.

నవంబరు 15, శుక్రవారం

బట్టలు ఎనిమిది. మిగతావి రాయను.

నవంబరు 16, శనివారం

బట్టలు పది. ముందుగది దుప్పట్లు రెండు, వెంట్రుకలతో సహా. నీళ్లు ఎనిమిది బిందెలు, కుక్కకు లేవు. వాళ్లు పొద్దున బండికి వెళ్లిపోయారు. కవచాల వాళ్లు వచ్చే నెల నుంచి పటంలో చుక్కలు పెట్టిన చోట్లు తవ్వుతారట. నా ఖాతా పట్టుకుపోయారు, రసీదు ఇచ్చారు. దర్జీ కూతురి లెక్క ఒక్కటి డైరీలోకి ఎత్తి రాసుకున్నాను.

మధ్యాహ్నం దర్జీ కొట్టుకు వెళ్లాను. మన వీధి దర్జీ. ఇంటి నుంచి నలభై రెండు అడుగులు. నాలుగు నెలలుగా రైలు గేటు దాకా పోతున్నాను.

నన్ను చూసి మెషీను ఆపలేదు ఆయన.

"జాకెట్లు ఎక్కడ కుట్టిస్తున్నారమ్మా ఈమధ్య?"

రైలు గేటు అవతల, అన్నాను.

"దూరం కదా."

దూరమే, అన్నాను. పిల్లను చూడాలి అన్నాను. తలతో వెనక్కి చూపించాడు.

వెనక కిటికీ కింద చాప మీద కూర్చుని గుండీలు కుడుతోంది. పదకొండేళ్లది. చేతులు చకచకా ఆడుతున్నాయి. పరికిణీ ఒక పక్క నిండుగా ఉంది, ఒక పక్క మోకాలి కింద నేలకు అంటుకుని చదునుగా ఉంది. చూడకూడదనుకున్నాను. చూశాను. మందు వాసన, దాని కింద ఇంకో వాసన. కొంగు ముక్కు దాకా వెళ్లింది, అలవాటుగా. దించేశాను. వేరేవాళ్ల ఒళ్లు చూసి ఏవగించుకునే ముచ్చట ఇంకెన్నాళ్లు.

తెచ్చిన నోటు పుస్తకం దాని ముందు పెట్టాను.

"రూళ్లదేనా?" అంది. అని, తెరిచి మధ్య పేజీలో ముక్కు పెట్టి వాసన చూసింది. పిల్లలంతా అలాగే చూస్తారు, నా పెరట్లో అరవై ఒక్కమందీ చూశారు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు మూసి, నా వైపు తోసింది.

"ఇంకా అరకిలో తేలేదత్తా."

అక్కర్లేదు, ఉంచుకో అన్నాను.

"లెక్క లెక్కే అన్నారుగా మీరు."

ముందు గదిలో మెషీను ఆగింది. ఆ మనిషి వింటున్నాడు. ఆ మాట నేను ఎప్పుడన్నానో, ఎవరితో అన్నానో, మర్నాడు పొద్దున ఈ పిల్ల ఎందుకు అంత పెందలాడే లేచి పోయిందో ఆయనకు ఇన్నాళ్లూ తెలియదని నాకప్పుడు అర్థమైంది. పిల్ల చెప్పలేదు. బాకీ ఉన్న సంగతి ఇంట్లో చెప్పడం నామోషీ అనుకుందేమో. నేను అక్కడే నిలబడి చెప్పాను. అరకిలో తక్కువైందని, నేను పుస్తకం ఇవ్వలేదని, మిగతాది తెమ్మన్నానని. మూడు మాటలు. ఇంతకంటే పెద్ద లెక్క ఏమీ లేదు అందులో.

ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మెడలో కొలత టేపు. చాలాసేపు నన్ను చూశాడు. చేతిలో కత్తెర ఉంది. చివరికి దాన్ని బల్ల మీద పెట్టి, "వెళ్లండమ్మా," అన్నాడు. "మళ్లీ రాకండి."

పిల్ల మాత్రం గుండీ దారం పళ్లతో తెంపి, కుక్క వెళ్లిపోయిందా అత్తా, నేను చూడనేలేదు, అంది. వెళ్లిపోయిందమ్మా అన్నాను. కూర్చుంటుందటగా అంది. కూర్చుంటుంది అన్నాను.

పుస్తకం దాని ఒళ్లో ఉంది. ఈసారి తిరిగి తొయ్యలేదు.

దర్జీ కూతురు ఖాతా:
నోటు పుస్తకం ఒకటి, రూళ్లది, ఇచ్చాను.
రావలసింది అరకిలో. జూలై 20న ముట్టింది.
చెల్లు.